బంగారు నానో రేణువులతో డీఎన్‌ఏ గుర్తింపు: ద్రావణం కాచడం నుంచి నమ్మదగిన ఫలితం దాకా

13 నానోమీటర్ల బంగారు రేణువులు నీళ్లలో విడివిడిగా తేలుతున్నంతసేపూ ద్రావణం దానిమ్మ గింజల ఎరుపులో ఉంటుంది. అవే రేణువులు దగ్గరికి చేరి ముద్దకడితే ముందు ఊదా, తర్వాత బూడిద నీలం అవుతుంది. కాంతి తగిలినప్పుడు రేణువులోని ఎలక్ట్రాన్లన్నీ కలిసి ఊగుతాయి. విడి రేణువులో ఆ ఊపు 520 నానోమీటర్ల దగ్గరి కాంతిని పీల్చుకుంటుంది. రేణువులు అంటుకున్నప్పుడు ఒకదాని ఊపు ఇంకోదానితో కలిసి శోషణ 600 దాటి జరుగుతుంది. యూవీ-విజిబుల్ స్పెక్ట్రోఫోటోమీటర్ ఉన్న ఏ కాలేజీ ల్యాబులోనైనా దీన్ని కొలవచ్చు.

ఈ రంగు మార్పును డీఎన్‌ఏ గుర్తింపుకు వాడుకునే అతి సులువైన దారి 2004లో లీ, రోత్‌బర్గ్ అనే పరిశోధకులు చూపించారు. వట్టి బంగారంలో ఉప్పు వేస్తే రేణువులు ముద్దకడతాయి. ఒంటి పోగు డీఎన్‌ఏలో బేస్‌లు (డీఎన్‌ఏ వరుసలోని అక్షరాలు) బయటికి తెరుచుకుని ఉంటాయి కాబట్టి అది బంగారానికి అతుక్కుంటుంది. దాని ఋణావేశం రేణువులను ఎడంగా ఉంచుతుంది, అందుకే ఉప్పు వేసినా ఎరుపు పోదు. జంట పోగులో బేస్‌లు లోపలికి ముడుచుకుని ఉంటాయి. అది బంగారానికి సరిగా అతుక్కోదు, ఉప్పు పడగానే ద్రావణం నీలమవుతుంది. అంటే మీ ప్రోబ్‌కు (వెతకడానికి మీరు వేసే చిన్న ఒంటి పోగుకు) నమూనాలో జత, అంటే టార్గెట్, దొరికితే నీలం, దొరక్కపోతే ఎరుపు.

చదవడానికి ఇంత తేలిక. కానీ బంగారం నీలం కావడానికి మీ టార్గెట్‌తో సంబంధం లేని కారణాలు బోలెడన్ని ఉన్నాయి, ఎరుపుగానే ఉండిపోవడానికీ అన్నే ఉన్నాయి. ఈ పనిలో నైపుణ్యమంతా ఆ కారణాలను ఒక్కొక్కటిగా కొట్టేయడంలోనే ఉంది. కింద చెప్పే పరీక్షల్లో ఏదీ అదనపు పని అనుకోవద్దు.

నీళ్లు, గాజుసామాను

హైదరాబాద్‌లో ఈ ప్రయోగం చెడిపోతే ముందుగా అనుమానించాల్సింది నీళ్లనే. బోరు నీళ్లలో కాల్షియం, మెగ్నీషియం దండిగా ఉంటాయి. రెండు ఆవేశాలున్న ఈ అయాన్లు సోడియం కంటే ఎన్నో రెట్లు తక్కువ మోతాదులోనే రేణువులను ముద్దకట్టిస్తాయి. ఆర్ఓ ఫిల్టర్ నీళ్లు తాగడానికి బాగుంటాయి, దీనికి పనికిరావు. విద్యుత్ నిరోధకత 18.2 మెగాఓమ్-సెంటీమీటర్ ఉన్న, అయాన్లు తీసేసిన నీళ్లు కావాలి. యంత్రం తెర మీద ఆ అంకె కనబడ్డాక మొదటి అరలీటరు పారబోసి, ఆ తర్వాతి నీళ్లు పట్టుకోండి. వారం కిందట క్యాన్‌లో నింపి పెట్టిన నీళ్లు వాడొద్దు.

గాజుసామానును ఆక్వా రీజియాతో కడగాలి: 3 పాళ్ల గాఢ హైడ్రోక్లోరిక్ ఆమ్లంలో 1 పాలు గాఢ నైట్రిక్ ఆమ్లం, నైట్రిక్‌ను చివర నెమ్మదిగా కలపాలి. పొగగది (ఫ్యూమ్ హుడ్) లోపలే, రక్షణ కళ్లద్దాలు, ఆమ్లానికి తట్టుకునే గ్లోవ్స్ వేసుకునే చేయాలి. కావలసినంతే కలుపుకోండి. మూత పెట్టి దాస్తే వాయువు పేరుకుని సీసా పగులుతుంది. అసిటోన్, ఆల్కహాల్ తడి ఉన్న పాత్రలో అస్సలు పోయకూడదు. 15 నిమిషాలు నానాక శుభ్రమైన నీళ్లతో కనీసం ఐదారుసార్లు కడగండి. స్టిరర్ మాగ్నెట్‌ను మరిచిపోతారు చాలామంది. దాని మీద మిగిలిన పాత బంగారం కొత్త రేణువులకు విత్తనంలా పనిచేసి సైజులు చెదిరిపోతాయి.

బంగారు ద్రావణం కాచడం

క్లోరోఆరిక్ ఆమ్లం ట్రైహైడ్రేట్ గాలిలోని తేమను లాగేస్తుంది. జూలై, ఆగస్టుల్లో మూత తీసి తూకం వేస్తుండగానే జిగటగా మారుతుంది, ఆ తూకానికి అర్థం ఉండదు. 1 గ్రాము సీసా కొని, మొత్తాన్ని ఒకేసారి 25.4 మిల్లీలీటర్ల నీళ్లలో కరిగించడమే మంచి పద్ధతి. అది 100 మిల్లీమోలార్ స్టాక్. ముదురు గాజు సీసాలో, ఫ్రిజ్‌లో ఉంచండి. లోహపు చెంచా తగలనివ్వొద్దు. ఆమ్లం లోహాన్ని తినేస్తుంది, బంగారం చెంచా మీదే దిగిపోతుంది.

రెండు మెడల ఫ్లాస్కులో 49.5 మిల్లీలీటర్ల నీళ్లు, 0.5 మిల్లీలీటరు స్టాక్ పోసి కండెన్సర్ బిగించి మరిగించండి. విడిగా 114 మిల్లీగ్రాముల ట్రైసోడియం సిట్రేట్ డైహైడ్రేట్‌ను 10 మిల్లీలీటర్ల నీళ్లలో కరిగించండి. ఇది 38.8 మిల్లీమోలార్, ఏరోజుకారోజు చేసుకోవాల్సిందే. లేత పసుపు ద్రావణం గట్టిగా తెర్లుతున్నప్పుడు, స్టిరర్ వేగంగా తిరుగుతుండగా, 5 మిల్లీలీటర్ల సిట్రేట్‌ను ఒక్క దెబ్బలో పోయండి. పసుపు పోయి రంగు లేకుండా అవుతుంది, తర్వాత బూడిద నలుపు, ఊదా, చివరికి ముదురు ఎరుపు. 10 నిమిషాలు మరగనిచ్చి, మంట తీసేసి మరో 15 నిమిషాలు తిప్పుతూ చల్లారనివ్వండి.

సిట్రేట్‌ను చుక్కలు చుక్కలుగా పోస్తే రేణువులన్నీ ఒకేసారి పుట్టవు, చిన్నా పెద్దా కలగలుస్తాయి. తక్కువ పోస్తే రేణువులు పెద్దవవుతాయి. సైజును సిట్రేట్ పాళ్లతో మార్చవచ్చని ఫ్రెన్స్ అనే శాస్త్రవేత్త 1973లోనే చూపించాడు. ఇక్కడ కాస్త స్థానిక సంగతి ఒకటి. మే నెలలో ట్యాంకు నీళ్లు కుళాయిలోంచే వేడిగా వస్తాయి, కండెన్సర్ చల్లబడక ఆవిరి బయటికి పోయి ద్రావణం చిక్కబడుతుంది. ఒక బకెట్‌లో ఐసు నీళ్లు పోసి, ఎయిర్ కూలర్‌లో వాడే చిన్న పంపుతో వాటినే తిప్పండి. కోఠి గుజరాతీ గల్లీలో ఆ పంపు దొరుకుతుంది, నీళ్లూ ఆదా. హైదరాబాద్ సముద్రమట్టానికి 500 మీటర్లపైన ఉంది కాబట్టి నీళ్లు సుమారు 98 డిగ్రీలకే మరుగుతాయి. థర్మామీటర్‌లో 100 కోసం కాచుకోకండి, బుడగలు చూడండి.

చల్లారాక 0.22 మైక్రాన్ ఫిల్టర్‌తో వడకట్టి, గాజు సీసాలో 4 డిగ్రీల దగ్గర పెట్టండి. ఫ్రిజ్ వెనక గోడకు ఆనించవద్దు. గడ్డకట్టిన వట్టి బంగారం కరిగాక మళ్లీ ఎర్రబడదు.

వచ్చింది సరైనదేనా

ద్రావణాన్ని నీళ్లతో నాలుగు రెట్లు పలచన చేసి 400 నుంచి 800 నానోమీటర్ల దాకా స్కాన్ చేయండి. శిఖరం 518 నుంచి 520 మధ్య, సన్నగా, 650 తర్వాత దాదాపు నేలకు దిగి ఉండాలి. 13 నానోమీటర్ల రేణువులకు 520 దగ్గర మోలార్ శోషణ గుణకంగా 27 కోట్లు వాడతారు. అంటే 1 సెంటీమీటర్ క్యువెట్‌లో శోషణ 1.0 వస్తే గాఢత 3.7 నానోమోలార్. పైన చెప్పిన కొలతలతో చేసిన అసలు ద్రావణం 13 నానోమోలార్ అటూ ఇటూ, శోషణ 3.6 దగ్గర ఉంటుంది. అంత ఎక్కువ శోషణను చాలా యంత్రాలు నిజంగా చదవలేవు, అందుకే పలచన.

సైజు అంచనాకు శిఖరం దగ్గరి శోషణను 450 దగ్గరి శోషణతో భాగించండి. 1.56 వస్తే సుమారు 12 నానోమీటర్లు, 1.61 అయితే 14, 1.73 అయితే 20. ఇది గోళాకార రేణువులకు, ముద్దకట్టని ద్రావణానికి మాత్రమే. మొదటి బ్యాచ్‌కైనా ఎలక్ట్రాన్ మైక్రోస్కోప్ ఫొటో తీయించడం మంచిది. మీ సంస్థలో లేకపోతే పరిశోధన పరికరాలను పంచుకునే ఐ-స్టెమ్ పోర్టల్‌లో ఊళ్లోని సంస్థల పరికరాలను వెతికి స్లాట్ బుక్ చేసుకోవచ్చు.

650 దగ్గరి శోషణను 520 దగ్గరి శోషణతో భాగించిన అంకె ఇకపై మన కొలబద్ద. దాన్ని నిష్పత్తి అందాం. మంచి ద్రావణంలో అది 0.1 చుట్టుపక్కల ఉంటుంది. తాజా బ్యాచ్‌లోనే 0.2 దాటిందంటే ఆ బ్యాచ్ పారేయాల్సిందే, దానిని సరిచేసే మందు లేదు.

ఉప్పు వంపు: దీన్ని దాటవేయొద్దు

ఎంత ఉప్పుకు మీ బంగారం నీలమవుతుందో చూపే గీత ఇది. బంగారాన్ని నీళ్లతో కలిపి శోషణ సరిగ్గా 1.0కు తెచ్చుకోండి. 96 గుంటల ప్లేటులో ప్రతి గుంటలో 160 మైక్రోలీటర్ల బంగారం, 20 మైక్రోలీటర్ల హైబ్రిడైజేషన్ (పోగులు జతకట్టే) బఫర్, 20 మైక్రోలీటర్ల ఉప్పు ద్రావణం. బఫర్ అంటే 10 మిల్లీమోలార్ ఫాస్ఫేట్, పీహెచ్ 7, 100 మిల్లీమోలార్ సోడియం క్లోరైడ్. ఇక్కడ బఫర్ బదులు నీళ్లు వేస్తే మీ లెక్క తప్పుతుంది, ఎందుకంటే అసలు పరీక్షలో ఆ బఫర్‌లోని ఉప్పు కూడా బంగారంలోకి వస్తుంది, చివరి గాఢతలో అది 10 మిల్లీమోలార్. వేసే ఉప్పు ద్రావణాలు 100 మిల్లీమోలార్ నుంచి 1 మోలార్ దాకా 100 చొప్పున పెంచుతూ చేసుకోండి. 200 మైక్రోలీటర్లలో అవి పదో వంతవుతాయి.

మల్టీచానెల్ పిపెట్‌తో ఉప్పు వేసి వెంటనే మూడుసార్లు పైకీ కిందికీ పీల్చి కలపండి. కలపకపోతే గాఢమైన ఉప్పు పడిన చోటే రేణువులు ముద్దకట్టి, తక్కువ గాఢతలోనూ నీలం కనిపిస్తుంది. స్టాప్‌వాచ్ పెట్టి సరిగ్గా 5 నిమిషాలకు చదవండి. ముద్దకట్టడం ఆగకుండా సాగే ప్రక్రియ, 5 నిమిషాల ఫలితాన్ని 20 నిమిషాల ఫలితంతో పోల్చకూడదు. ఏసీ ఆగిపోయి గది 25 నుంచి 36 డిగ్రీలకు ఎక్కినప్పుడు కూడా అంకెలు కదులుతాయి. గది ఉష్ణోగ్రత రాసిపెట్టండి.

నిష్పత్తిని ఉప్పు గాఢతకు ఎదురుగా గీస్తే ఒక మెట్టు కనిపిస్తుంది. వట్టి సిట్రేట్ బంగారానికి అది మామూలుగా 30, 50 మిల్లీమోలార్ల మధ్య మొదలవుతుంది. 5 నిమిషాల్లో పూర్తిగా నీలమయ్యే కనీస గాఢతను పట్టుకుని, దానికి ఒక మెట్టు పైన ఉన్నదాన్ని ఎంచుకోండి. ఆ అంకె మీ బ్యాచ్‌ది, మీ నీళ్లది. పరిశోధన పత్రంలోంచి తెచ్చుకున్న అంకె ఇక్కడ చెల్లదు. కొత్త బ్యాచ్ కాచిన ప్రతిసారీ మళ్లీ గీయాల్సిందే.

ప్రోబ్ ఎంత వేయాలి

20 నుంచి 25 బేస్‌ల ప్రోబ్ తీసుకోండి. తన మీద తానే మడతపడి జతకట్టే వరుస వద్దు, మడతపడ్డ ప్రోబ్ బంగారానికి సరిగా అంటదు. అన్నీ థైమిన్లే ఉన్న వరుస కూడా వద్దు, నాలుగు బేస్‌లలో బంగారానికి అతి తక్కువగా అంటేది అదే.

గుంటలో ఉన్న బంగారు రేణువులు సుమారు 0.6 పికోమోల్. రేణువుకు 20, 40, 80, 160, 320 ప్రోబ్‌లు ఉండేలా 12, 24, 48, 96, 192 పికోమోల్ ప్రోబ్‌ను 20 మైక్రోలీటర్ల బఫర్‌లో వేసి, 10 నిమిషాలు ఆగి, మీరు ఎంచుకున్న ఉప్పు కలపండి. నిష్పత్తి ఇంకా 0.15 లోపు ఉన్న అతి తక్కువ మోతాదే మీ ప్రోబ్ మోతాదు. భద్రంగా ఉంటుందని రెట్టింపు వేసే అలవాటు చాలా ల్యాబుల్లో ఉంది. దానివల్ల జరిగేది నష్టమే: మిగులు ప్రోబ్ అంతా జతకట్టేదాకా బంగారం ఎరుపుగానే ఉంటుంది కాబట్టి, గుర్తించడానికి టార్గెట్ కూడా అంతే ఎక్కువ కావాలి.

అసలు పరీక్ష

ప్రోబ్‌ను, నమూనాను ఆ బఫర్‌లోనే 20 మైక్రోలీటర్లకు కలిపి 95 డిగ్రీల దగ్గర 5 నిమిషాలు ఉంచి, అరగంటలో గది ఉష్ణోగ్రతకు దించండి. 160 మైక్రోలీటర్ల బంగారంలో వేసి 10 నిమిషాలు ఆగండి, ఉప్పు వేయండి, 5 నిమిషాలకు చదవండి. బంగారం కలిపాక గంటల తరబడి వదలొద్దు, జంట పోగు మెల్లగా విడిపోయి ఒంటి పోగులు రేణువులకు అంటుకుంటాయి.

పక్కనే ఈ గుంటలు ఉండాలి, ప్రతిదీ మూడేసి:

బంగారం, బఫర్, ఉప్పు బదులు నీళ్లు. ఇది ఎరుపు.
బంగారం, బఫర్, ఉప్పు. ఇది నీలం.
బంగారం, ప్రోబ్, ఉప్పు. ఎరుపు.
బంగారం, ప్రోబ్, జతకాని వరుస, ఉప్పు. ఎరుపు.
బంగారం, ప్రోబ్ లేకుండా నమూనా మాత్రమే, ఉప్పు లేకుండా ఒకటి, ఉప్పుతో ఒకటి.
బంగారం, ప్రోబ్, టార్గెట్ లేదని తెలిసిన అదే రకం నమూనా, ఉప్పు.

ఐదో వరుస లేకుండా వచ్చిన ఫలితాన్ని మేం నమ్మం. ఉప్పు లేకుండానే నమూనా బంగారాన్ని నీలం చేస్తే అందులో థయాల్ గుంపులో (బంగారానికి గట్టిగా అతుక్కునే గంధకపు గుంపులు), మెగ్నీషియమో ఉన్నాయి. ఉప్పు వేసినా ప్రోబ్ లేని బంగారం ఎరుపుగానే ఉండిపోతే నమూనాలోని ఏదో రేణువులకు కవచం తొడుగుతోంది. రెండింటిలో ఏది జరిగినా అసలు పరీక్షకు అర్థం పోయినట్టే.

పీసీఆర్ (డీఎన్‌ఏకు కోట్ల కాపీలు తీసే పద్ధతి) అయిన గొట్టంలోంచి నేరుగా తీసి వేసినప్పుడు ఈ రెండూ కలిసే జరుగుతాయి. మిగిలిన ప్రైమర్లు (కాపీ మొదలుపెట్టే చిన్న డీఎన్‌ఏ ముక్కలు) ఒంటి పోగులే, బంగారాన్ని కాపాడి ఎరుపుగా ఉంచుతాయి. కాపీలకు ముడిసరుకైన డీఎన్‌టీపీలూ అంటుకుని అదే పని చేస్తాయి. మెగ్నీషియం అందుకు విరుద్ధంగా లాగుతుంది. కొన్ని ఎంజైమ్ బఫర్లలో ఉండే డీటీటీ అనే థయాల్ రసాయనం అయితే బంగారానికి గట్టిగా అతుక్కుని మిగతా వాటన్నిటినీ తోసేస్తుంది. సిలికా కాలమ్‌తో శుభ్రం చేసి, శుద్ధమైన నీళ్లలో దింపుకున్నాకే వాడండి. కిట్‌తో వచ్చిన ఎల్యూషన్ బఫర్‌లో ట్రిస్ ఉంటుంది, అది కూడా వద్దు. రక్తరసం, లాలాజలం, పాలు వంటి వాటిలో ప్రోటీన్ ఎంత ఉంటుందంటే ఉప్పు ఎంత పోసినా ఎరుపు చెదరదు. వాటిని నేరుగా పరీక్షించగలమనే ఆలోచన మానుకుని, ముందు డీఎన్‌ఏను వేరుచేయండి.

ఇంకో రెండు ఉచ్చులు టార్గెట్ వైపు నుంచే వస్తాయి. టార్గెట్ ప్రోబ్ కంటే చాలా పొడవైతే, జతకట్టని తోక ఒంటి పోగుగా మిగిలి బంగారాన్ని కాపాడుతుంది. టార్గెట్ ప్రోబ్‌ను మించిపోయినా అంతే, మిగులు టార్గెట్ ఒంటి పోగే. అందుకని గాఢత పెంచుకుంటూ పోతే నిష్పత్తి పెరిగి, ప్రోబ్‌కు సమానమయ్యే చోట శిఖరం తాకి, మళ్లీ పడిపోవచ్చు. గుర్తు తెలియని నమూనాను ఒకే పలచనలో పరీక్షిస్తే ఈ పడిపోయిన భాగంలో ఉన్నారో, అసలు టార్గెట్టే లేదో తెలియదు. కనీసం మూడు పలచనల్లో, పదేసి రెట్ల తేడాతో చూడండి.

డీఎన్‌ఏకు బదులు ఆప్టమర్‌తో (ఒక అణువును ఎంచి పట్టుకునే డీఎన్‌ఏ వరుసతో) చిన్న అణువులను పట్టాలనుకునేవారికి ఒక హెచ్చరిక. అడినోసిన్ లాంటి అణువులు బంగారానికి వాటంతటవే అంటుకుంటాయి. ఆప్టమర్ పట్టిందా, బంగారమే పట్టిందా తేలాలంటే, అదే పొడవున్న, ఆ అణువును పట్టలేని వరుసతో ప్రయోగం మొత్తం మళ్లీ చేయాలి. రెండింట్లోనూ రంగు ఒకేలా మారితే ఆప్టమర్ పాత్ర ఏమీ లేనట్టే.

ఎంత తక్కువను పట్టగలదు

టార్గెట్ వేయని గుంటలు కనీసం పదింటి నిష్పత్తుల సగటు తీసి, ప్రామాణిక విచలనానికి మూడు రెట్లు చేర్చండి. దాన్ని దాటిన మొదటి గాఢతే మీ గుర్తింపు పరిమితి. ఆ గుంటలు ఒకే బ్యాచ్‌వి, ఒకే రోజువి అయితే అంకె అందంగా వస్తుంది, నిజం మాత్రం రాదు. కనీసం మూడు బ్యాచ్‌లు కలపండి.

ఆశ ఎంత పెట్టుకోవాలో లెక్కే చెబుతుంది. రేణువుకు 80 ప్రోబ్‌లు అనుకుంటే, చివరి 200 మైక్రోలీటర్లలో ప్రోబ్ 240 నానోమోలార్ ఉంటుంది. రంగు స్పష్టంగా మారాలంటే అందులో గణనీయమైన భాగం జతకట్టాలి. కాబట్టి పరిమితి పదుల నుంచి వంద నానోమోలార్ల దగ్గర తేలుతుంది. పీసీఆర్ లాంటి విస్తరణ లేకుండా ఈ పద్ధతిలో ఫెమ్టోమోలార్ (నానోమోలార్‌లో పది లక్షల వంతు) అంకె వచ్చిందంటే ముందు పిపెట్‌ను, తర్వాత కంట్రోల్ గుంటలను తనిఖీ చేయండి.

ఇంకా గట్టి రుజువు కావాలంటే

థయాల్ కట్టిన రెండు ప్రోబ్‌లను వేర్వేరు బంగారాలకు అతికించి, టార్గెట్ వాటిని వంతెనలా కలిపేలా చేసే పద్ధతి 1996లో రసాయన శాస్త్రవేత్త మిర్కిన్ బృందం తెచ్చింది. దీంట్లో టార్గెట్ ఉంటే నీలం, లేకపోతే ఎక్కువ ఉప్పులోనూ ఎరుపు. అతికించడానికి ఇప్పుడు సులువు మార్గం ఉంది: 10 నానోమోలార్ బంగారం 100 మైక్రోలీటర్లకు 100 మైక్రోమోలార్ థయాల్ డీఎన్‌ఏ 3 మైక్రోలీటర్లు కలిపి మైనస్ 20 డిగ్రీల ఫ్రీజర్‌లో 2 గంటలు పెట్టి కరగనివ్వడం. వట్టి బంగారాన్ని పాడుచేసే గడ్డకట్టడమే ఇక్కడ డీఎన్‌ఏను రేణువుల మీదికి నెడుతుంది. కరిగాక ఎరుపుగా ఉంటే అతికినట్టు, నీలమైతే డీఎన్‌ఏ చాలలేదు లేదా థయాల్ ఆక్సీకరణ చెందింది. మూడుసార్లు సెంట్రిఫ్యూజ్ చేసి మిగులు డీఎన్‌ఏను తీసేయాలి. అది మిగిలితే టార్గెట్‌ను అదే తినేస్తుంది.

ఈ శ్రమ ఎందుకంటే, దీనికి వేడి పరీక్ష ఉంది. నీలమైన ద్రావణాన్ని క్యువెట్‌లో ఉంచి 25 నుంచి 70 డిగ్రీల దాకా మెల్లగా పెంచుతూ 520 దగ్గర చదవండి. డీఎన్‌ఏ వంతెన వల్లే నీలమైతే, కొద్ది డిగ్రీల వ్యవధిలోనే ఒక్కసారిగా ఎరుపు తిరిగి వస్తుంది, చల్లారిస్తే మళ్లీ నీలం. ఉప్పు వల్ల ముద్దకట్టిన వట్టి బంగారం ఎంత కాచినా తిరిగి రాదు. టార్గెట్ మీద వేలు పెట్టి చూపించే పరీక్ష ఇంతకంటే చవకైనది లేదు.

క్యువెట్‌ను తానే వేడిచేసే పెల్టియర్ హోల్డర్ లేని స్పెక్ట్రోఫోటోమీటర్ అయితే వాటర్ బాత్‌లో 5 డిగ్రీల చొప్పున పెంచుతూ, ప్రతి మెట్టు దగ్గర 5 నిమిషాలు ఆగి, క్యువెట్‌ను తీసిన వెంటనే బయట తడి తుడిచి చదవండి. వానాకాలంలో చల్లని క్యువెట్ గాజు మీద పట్టే ఆవిరి కూడా శోషణలా కనిపిస్తుంది. మూత బిగించకపోతే వేడికి నీరు ఆవిరై ఉప్పు గాఢత పెరుగుతుంది, కరిగే ఉష్ణోగ్రత పైకి జరుగుతుంది. 1 మిల్లీలీటరు ద్రావణం మీద 200 మైక్రోలీటర్ల మినరల్ ఆయిల్ పోస్తే ఆ బెడద ఉండదు.